ఐదో స్టేషన్
(కాళోజీ స్మారకోపన్యాస పాఠం)

హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో కోఠి వైపు మెట్రో ఎక్కితే మూసారాంబాగ్, న్యూ మార్కెట్, మలక్‌పేట, ఎంజీబీఎస్ వస్తాయి. ఐదో స్టేషన్ పేరు ఉస్మానియా మెడికల్ కాలేజీ. 2018 సెప్టెంబరు 24న ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేట దాకా ఈ లైను తెరిచారు. ఆనాటి నుంచి వైద్య ప్రవేశ పరీక్ష నీట్ కోసం చైతన్యపురి హాస్టళ్లలో ఉండి మళ్లీ మళ్లీ కోచింగ్ తీసుకునే లాంగ్ టర్మ్ పిల్లలకు రైల్లో వినిపించే ఆ ప్రకటన ఒక ఎత్తిపొడుపు. ప్రయాణం పావుగంటకు మించదు. ఆ పావుగంటకు కొందరికి ఏడాది పడుతుంది, కొందరికి మూడేళ్లు. ఎక్కువమందికి అది ఎన్నటికీ రాని స్టేషనే.

ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతున్నదో ఆ మనిషి డాక్టరు కాదు. కాళోజీ నారాయణరావు లా చదివారు, జైలుకు వెళ్లారు, జనం మాట్లాడే మాటలోనే కవిత్వం రాశారు. ఆయన పుట్టిన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. రాష్ట్రం విడిపోయాక వరంగల్‌లో ఏర్పడిన ఆరోగ్య విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. అందుకే తెలంగాణలో ఎంబీబీఎస్ నుంచి బీఎస్సీ నర్సింగ్ దాకా అనుబంధ కళాశాలల్లో చదివినవారి పట్టాల మీద ఒక కవి పేరు ఉంటుంది. వైద్యానికీ కవికీ ఏం సంబంధమని అడిగేవారికి ఒక్క సంగతి చెబితే చాలు. 2002 నవంబరు 13న ఆయన కన్నుమూశాక పార్థివదేహాన్ని కాకతీయ మెడికల్ కాలేజీకి అప్పగించారు. మొదటి సంవత్సరం వైద్య విద్యార్థికి మొదటి గురువు మాట్లాడని మనిషే. జీవితమంతా గొంతెత్తి మాట్లాడిన కాళోజీ ఆ మౌన గురువు పనీ చేసి వెళ్లారు.

ఆ పట్టాకు అర్హత ఏమిటి? కోచింగ్ సెంటర్ల దిల్‌సుఖ్‌నగర్ భాషలో అర్హత అంటే ర్యాంకు. గడ్డిఅన్నారం నుంచి కొత్తపేట దాకా ఫ్లెక్సీలు చూస్తే ఆ మాటకు ఇంకో అర్థం ఉందని తోచదు. నిజానికి ఆరోగ్య శాస్త్రాల డిగ్రీకి అర్హతలు రెండు రకాలు. ఒకటి గడప దాటడానికి కావలసినది. రెండోది లోపలికి వెళ్లాక పట్టా చేతికి రావడానికి కావలసినది. మొదటిదాని చుట్టూ ఇక్కడ ఒక ఊరే వెలిసింది. రెండోదాని గురించి ఏ కోచింగ్ సెంటర్ కరపత్రంలోనూ ఒక్క వాక్యం ఉండదు.

గడప సంగతి ముందు. ఎంబీబీఎస్‌కైనా, బీడీఎస్‌కైనా, రామంతాపూర్ ప్రభుత్వ హోమియో కళాశాలలో సీటుకైనా ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్ చదివి ఉండాలి. ప్రవేశం పొందే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. ఆపైన నీట్. 180 ప్రశ్నలు, 720 మార్కులు. ఒప్పుకు నాలుగు, తప్పుకు మైనస్ ఒకటి. నీట్‌లో జనరల్‌కు 50 పర్సంటైల్ దాటితే అర్హత వచ్చినట్టు. ఇక్కడే చాలా ఇళ్లలో పప్పులో కాలు పడుతుంది. శాతం వేరు, పర్సంటైల్ వేరు. 50 పర్సంటైల్ అంటే సగం మార్కులు తెచ్చుకోవడం కాదు, రాసినవాళ్లలో సగంమంది కంటే ముందుండటం. అలా అర్హుడైనవాడికి సీటు వస్తుందన్న పూచీ ఏమీ లేదు. ‘మావాడు క్వాలిఫై అయ్యాడు’ అని మిఠాయిలు పంచిన ఇంట్లోనే కౌన్సెలింగ్ రోజున ముఖాలు వాడిపోయేది ఇందుకే.

ఈ గడప కూడా ఒక్కచోట నిలిచింది కాదు. 1986లో ఎంసెట్ వచ్చింది. అదే ఏడాది నవంబరు 1న విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం మొదలైంది. అదే ఏడాది ఇక్కడి గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్టూ వెలిసింది. ఆ మార్కెట్ సంగతి చివర్లో మళ్లీ వస్తుంది. నీట్ 2013లో వచ్చి, కోర్టులో కొట్టుడుపోయి, 2016లో తిరిగొచ్చింది. ఆ 2016 ఇక్కడి బైపీసీ పిల్లలకు చేదు సంవత్సరం. జులై 9న మెడికల్ ఎంసెట్ రాశారు. ప్రశ్నపత్రం లీకైందని తేలి దాన్ని రద్దు చేశారు. సెప్టెంబరు 11న మళ్లీ రాశారు. మధ్యలో నీట్ రాసినవాళ్లూ ఉన్నారు. మెస్ కార్డులు ఇంకో రెండు నెలలు పొడిగించుకుని, అప్పటికే కట్టేసిన పుస్తకాల మూటలు మళ్లీ విప్పుకున్నారు. తప్పెవరిదో, శిక్ష ఎవరికో.

బైపీసీ పిల్లలు ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది: డాక్టరయ్యేవాడికి ఫిజిక్స్ ఎందుకు? నీట్‌లో 180 మార్కులు ఆ ఒక్క సబ్జెక్టువే. ర్యాంకులు తలకిందులయ్యేదీ అక్కడే. ఆ ప్రశ్నకు జవాబు ఐదో స్టేషన్ చరిత్రలోనే ఉంది. 1846లో నాలుగో నిజాం కాలంలో రెసిడెన్సీ సర్జన్ మెక్లీన్ చేతుల మీదుగా మొదలైన హైదరాబాద్ మెడికల్ స్కూలే నేటి ఉస్మానియా మెడికల్ కాలేజీ. మొదట్లో అక్కడ పాఠాలు ఉర్దూలో సాగాయి. చదువు ముగించినవారిని హకీం అనేవారు. 1885లో అందులో చేరిన కొద్దిమంది అమ్మాయిల్లో రూపాబాయి ఫర్దూన్జీ అనే పార్శీ యువతి ఒకరు. 1889లో ఆమె హకీం పట్టా అందుకున్నారు. క్లోరోఫాం మీద హైదరాబాద్‌లో వైద్యుడు ఎడ్వర్డ్ లారీ నడిపిన పరిశోధనలు అప్పట్లో ప్రపంచమంతా చర్చకు వచ్చాయి. రూపాబాయి ఆ మత్తుమందు ఇవ్వడంలో ఆరితేరారు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఆమెను లెక్కిస్తారు. ఇరవై ఏళ్లు పనిచేశాక, 1909లో ఆమె ఎడిన్‌బరో వెళ్లారు. మత్తుమందుకు అప్పట్లో విడిగా కోర్సు లేదు. ఆమె అక్కడ చదివినవి ఫిజిక్స్, కెమిస్ట్రీ. ఆవిరిగా మారే ద్రవం ఎంత ఒత్తిడిలో ఎంత మోతాదుగా ఊపిరిలోకి వెళ్తుందో తెలియకుండా మనిషిని నిద్రపుచ్చడం ఎలాంటిదో ఆమెకు అనుభవం చెప్పింది. గడప దగ్గర మనం విసుక్కునే సబ్జెక్టు కోసం ఆమె సముద్రం దాటారు.

గడప దగ్గర ఇంకో తాళం స్థానికత. దీని మీద దిల్‌సుఖ్‌నగర్ తల్లిదండ్రులు పెట్టవలసినంత దృష్టి పెట్టరు. 2024 జులైలో వచ్చిన జీవో 33 ప్రకారం 9వ తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా వరుసగా నాలుగేళ్లు తెలంగాణలోనే చదివి, అర్హత పరీక్ష ఇక్కడే పాసైతే రాష్ట్ర కోటాలో స్థానికుడు. వివాదం హైకోర్టు దాటి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఆ నాలుగేళ్ల నిబంధనను సమర్థించింది. ఉద్యోగరీత్యా రాష్ట్రం బయట పనిచేసిన ప్రభుత్వోద్యోగుల పిల్లల వంటి కొందరికి మినహాయింపులున్నాయి. మిగిలినవారికి లేవు. ఎల్బీనగర్ చౌరస్తాలో సాయంత్రం నిలబడితే విజయవాడ బస్సులకు లెక్కుండదు. పదో తరగతి కాగానే ఆ బస్సుల్లో పిల్లల్ని కృష్ణ ఒడ్డున ఉన్న రెసిడెన్షియల్ కాలేజీలకు పంపడం ఇక్కడ ఏళ్ల నాటి అలవాటు. పుట్టింది సరూర్‌నగర్‌లో, ఇల్లు వనస్థలిపురంలో, రేషన్ కార్డు ఇక్కడే. అయినా ఇంటర్ స్టడీ సర్టిఫికెట్ అవతలి రాష్ట్రానిది. ఏనుగు దూరి తోక చిక్కినట్టు, బాగా చదివిన బిడ్డ ఒక కాగితం దగ్గర ఆగిపోతుంది. ఈ నిబంధన కఠినమా, న్యాయమా అన్నది వేరే వాదం. తెలియక నష్టపోవడం మాత్రం అనవసరం.

డొనేషన్ల సంగతి క్లుప్తంగా చాలు. క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1983లోనే చట్టం చేసింది. 1993లో సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ కేసులో ఇచ్చిన పెద్ద తీర్పు కూడా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా నడిచిందే. ఇప్పుడు ప్రైవేటు వైద్య కళాశాలల్లో ఏ, బీ, సీ అని మూడు కేటగిరీలు: 50, 35, 15 శాతం సీట్లు. మూడింటికీ నీట్ తప్పనిసరి. డబ్బుంటే నీట్ అక్కర్లేదని ఎవరైనా అంటే ఆ మాట అక్కడే ఆపేయాలి.

ఇక గడప లోపల. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. మొదటి సంవత్సరం పరీక్షకు నాలుగే అవకాశాలు. మొత్తం చదువు 9 ఏళ్లలో ముగించాలి. థియరీలో 75 శాతం, ప్రాక్టికల్స్‌లో 80 శాతం హాజరు ఉండాలి. లాంగ్ టర్మ్‌లో ఎన్నేళ్లైనా కూర్చోనిచ్చే వ్యవస్థ, లోపలికి వచ్చాక గడియారం పెట్టి నిలబడుతుంది. నీట్‌కు ఇప్పుడు గరిష్ఠ వయసు లేదు, ప్రయత్నాలకు లెక్క లేదు. లోపల ఏళ్లకూ, ప్రయత్నాలకూ లెక్క ఉంది.

నర్సింగ్ ఇంకా కఠినం. ఈ మాట చెబితే చాలామంది నమ్మరు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు. తెలంగాణలో ఇప్పుడు ఎంసెట్ ర్యాంకుతోనే సీటు. ఆ ఎంసెట్‌కు 2024లో ఈఏపీసెట్ అని పేరు మారింది. భారత నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం పరీక్షకు కూర్చోవడానికి 80 శాతం హాజరు చాలు. పట్టా తీసుకోవడానికి మాత్రం ప్రతి క్లినికల్ విభాగంలో నూటికి నూరు శాతం హాజరు పూర్తి కావాలి. అంటే వార్డులో పోగొట్టుకున్న ప్రతి గంటా తిరిగి చేసి తీరాలి. జ్వరమొచ్చినా, అక్క పెళ్లైనా, బతుకమ్మకు ఊరెళ్లినా ఆ గంటల బాకీ అలాగే ఉంటుంది. డాక్టరు చదువుకు లేని ఈ నూరు శాతం నర్సు చదువుకే ఎందుకు? రోగి పక్కన ఎక్కువసేపు ఉండేది ఆమే కనుక. వేరే కారణం వెతకనక్కర్లేదు. అయినా పెళ్లిచూపుల్లో ‘అమ్మాయి నర్సా?’ అని గొంతు తగ్గించి అడిగేవాళ్లు ఈ ఊళ్లో ఇంకా ఉన్నారు.

రోగి ప్రాణం డాక్టరు, నర్సుల చేతుల్లో మాత్రమే ఉండదు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రాన్ని దిల్‌సుఖ్‌నగర్ మరచిపోలేదు. కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల దగ్గర సైకిళ్లకు కట్టిన బాంబులు నిమిషాల తేడాలో పేలాయి. ప్రాణాలు పోయినవారిలో ఇక్కడ చదువుకోవడానికి వచ్చిన పిల్లలున్నారు. వంద మందికి పైగా గాయపడ్డారు. ఉస్మానియా ఆస్పత్రికీ, చుట్టుపక్కల ప్రైవేటు ఆస్పత్రులకూ వాళ్లను చేర్చారు. అలాంటి రాత్రి ఒక ఆస్పత్రికి ఎంతమంది సర్జన్లున్నారన్నది ఒక్క ప్రశ్న మాత్రమే. రక్తం గ్రూపు చూసి క్రాస్ మ్యాచ్ చేసేది ల్యాబ్ టెక్నాలజిస్టు. ఒంట్లో దిగిన ఇనుప ముక్క ఎక్కడుందో ఫిల్ము మీద చూపేది రేడియోగ్రాఫరు. మత్తు యంత్రం పక్కన సిద్ధంగా నిలిచేది అనస్తీషియా టెక్నీషియన్. నెలల తర్వాత మళ్లీ నడక నేర్పేది ఫిజియోథెరపిస్టు. వీళ్లలో ఒకరు లేకపోయినా సర్జన్ చేతులు కట్టుకోవలసిందే. వీళ్ల డిగ్రీలకు ఏం కావాలో మాత్రం మన వీధుల్లో ఎవరూ అడగరు. నీట్ పోయాక ‘ఏదో ఒక కోర్సు’ అనే గంపలో వాటన్నిటినీ వేసేస్తారు.

ఆ గంపకు పార్లమెంటు 2021లో ఒక లెక్క పెట్టింది. అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ప్రకారం అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే 2 నుంచి 4 ఏళ్లలో కనీసం 2000 గంటల చదువు ఉండాలి. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్‌కు 3 నుంచి 6 ఏళ్లలో కనీసం 3600 గంటలు, అదీ డిగ్రీ. ఏళ్లతోనే సరిపెట్టకుండా చట్టం గంటల్లో మాట్లాడింది. ఆరు నెలల్లో టెక్నీషియన్‌ను చేస్తామని మెట్రో స్తంభాల మీద అంటించే కాగితాలను ఆ 2000తో భాగించి చూడండి. రోజుకు పది గంటల చొప్పున ఆదివారాలు కూడా కలిపినా ఆరు నెలలు చాలవు. ఫార్మసీకి వేరే చట్టం ఉంది, 1948 నాటిది. బీఫార్మసీ నాలుగేళ్లు. ఇందులో ఎంపీసీ పిల్లలకూ ప్రవేశం ఉంటుంది. 2008లో వచ్చిన ఫార్మ్‌డీ ఆరేళ్లు, అందులో ఆఖరి ఏడాది ఇంటర్న్‌షిప్.

విదేశీ ఎంబీబీఎస్ బోర్డులు చైతన్యపురిలో బిర్యానీ బోర్డులతో పోటీ పడతాయి. 2021 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ పెట్టిన నియమాలు ఆ బోర్డుల మీద కనిపించవు. కోర్సు కనీసం 54 నెలలు, ఇంగ్లిష్ మాధ్యమంలో. అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్. చదివిన దేశంలో ప్రాక్టీసు చేయడానికి అర్హత ఇచ్చే పట్టా. తిరిగొచ్చాక స్క్రీనింగ్ పరీక్షలో 300కు 150, ఆపైన ఇక్కడ మరో ఏడాది ఇంటర్న్‌షిప్. బయలుదేరే ముందే నీట్‌లో అర్హత వచ్చి ఉండాలి. కన్సల్టెన్సీ కుర్చీలో కూర్చున్న తండ్రి ‘ఫీజు ఎంత’ అని అడగడానికి ముందు ‘ఆ దేశంలో ఆ పట్టాతో అక్కడివాడు ప్రాక్టీసు చేయొచ్చా’ అని అడగాలి. జవాబు నసిగితే లేచి వచ్చేయాలి.

పట్టా మీద అక్షరాలే మనిషి కొలత అనుకునేవారికి యల్లాప్రగడ సుబ్బారావు కథ కొంత ఇబ్బంది పెడుతుంది. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. ఒక రకంగా మన లాంగ్ టర్మ్ విద్యార్థే. మద్రాసు మెడికల్ కాలేజీలో గాంధీ పిలుపు విని ఖద్దరు గౌను తొడిగారు. సర్జరీ ప్రొఫెసర్‌కు అది గిట్టలేదు. పరీక్షలు బాగా రాసినా ఎంబీబీఎస్ రాలేదు, దానికంటే చిన్నదైన ఎల్‌ఎంఎస్ చేతిలో పెట్టారు. ఆ తర్వాత బోస్టన్ చేరారు. అక్కడ ఆస్పత్రిలో రాత్రి పని చేసుకుంటూ చదివారు. కండరాల శక్తి గుట్టు విప్పిన పరిశోధనల్లోనూ, ఫోలిక్ యాసిడ్ తయారీలోనూ ఆయన చేయి ఉంది. బోదకాలు మందు డీఈసీ ఆయన నడిపిన ప్రయోగశాల నుంచే వచ్చింది. ఫైలేరియా కార్యక్రమంలో ఆశా కార్యకర్తలు ఇంటింటికీ పంచే మాత్రలు అవే. ఆయనకు పూర్తి పట్టా దక్కనివ్వని నిబంధన ఏ పుస్తకంలోనూ లేదు, ఒక మనిషి మనసులో ఉంది. అర్హతలను కాగితం మీద స్పష్టంగా రాయించుకోవడం, గంటల్లో, మార్కుల్లో లెక్క కట్టించుకోవడం పేదవాడికే ఎక్కువ అవసరమని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏముంటుంది?

అయితే లెక్కకు అందని అర్హత ఒకటుంది. కాళోజీ పేరు ఆ పట్టా మీద ఉండటం సార్థకమయ్యేది అక్కడే. నీట్‌ను తెలుగులో రాయొచ్చు. లోపలి చదువు మాత్రం ఇంగ్లిష్. రోగి మాట తెలుగు, అదీ బడి తెలుగు కాదు. ఎల్బీనగర్ ఆస్పత్రుల అవుట్ పేషెంట్ విభాగానికి చౌటుప్పల్, సూర్యాపేట, దేవరకొండ నుంచి తెల్లవారుజామున బస్సు దిగి వస్తారు. ‘పానం నిమ్మలం లేదు’ అంటారు. నొప్పి అనే ఒక్క మాటతో సరిపెట్టరు. పోటు వేరు, సలుపు వేరు, తీపు వేరు, గుంజుడు వేరు, మంట వేరు. ఇంగ్లిష్ పాఠ్యపుస్తకం నొప్పిని రకాలుగా విడగొట్టి బట్టీ పట్టిస్తుంది. పల్లెటూరి అవ్వ ఆ విభజన నోటి మాటలోనే చేసి తెస్తుంది. వినేవాడికి తెలియకపోతే కేస్ షీటులో అవన్నీ ఒకే ‘పెయిన్’ అవుతాయి. 2019లో ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక మార్చినప్పుడు మొదటి నెల ఫౌండేషన్ కోర్సులో స్థానిక భాషను, కోర్సు పొడవునా నడవడిక, నైతికత, సంభాషణ అనే ప్రత్యేక భాగాన్ని చేర్చారు. ఆ తర్వాత విద్యార్థులు కొన్ని పల్లె కుటుంబాలను దత్తత తీసుకోవడమూ వచ్చింది. మంచి నిబంధనలే. వాటిని సంతకాల పుస్తకంగా మార్చకుండా నిజంగా జరిపే కళాశాల ఏదో తెలుసుకోవడానికి ఏ ర్యాంకుల పట్టికా పనికిరాదు. అక్కడ చదువుతున్న సీనియర్‌ను అడగాలి.

ఇప్పుడు పండ్ల మార్కెట్ సంగతి. గడ్డిఅన్నారం మార్కెట్ 2021లో బాటసింగారం వైపు తరలిపోయింది. మామిడి వాసన పోయింది, లారీల రద్దీ తగ్గింది. ఖాళీ అయిన 21 ఎకరాల్లో 1000 పడకల టిమ్స్ అనే ప్రభుత్వ ఆస్పత్రికి 2022 ఏప్రిల్ 26న పునాది వేశారు. ఎల్బీనగర్‌లో 2013 నుంచి ఒక ప్రైవేటు వైద్య కళాశాల కూడా ఉంది. 2014లో రాష్ట్రమంతటికీ 5 ప్రభుత్వ వైద్య కళాశాలలుంటే ఆ తర్వాత పదేళ్లలో జిల్లాకొకటి చొప్పున వచ్చాయి. గోడలు త్వరగానే లేస్తాయి. వెయ్యి పడకల పక్కన మూడు షిఫ్టుల్లో నిలబడవలసినవాళ్లు ఇప్పుడు ఇంటర్ పుస్తకాల ముందున్నారు. వాళ్లలో ఎంబీబీఎస్ వాళ్లకంటే నర్సింగ్, ల్యాబ్, రేడియాలజీ, ఫిజియోథెరపీ వాళ్లే ఎక్కువమంది కావాలి. ఇళ్లలో పిల్లలతో మాట్లాడేటప్పుడు ఈ కోర్సుల పేర్లను ఓడిపోయినవాళ్ల పేర్లలా పలకవద్దని ఈ సభలోని తల్లిదండ్రులకు మనవి.

ఇంకో మనవి పెద్దలకు. కొత్తగా వచ్చిన ప్రతి వైద్య కళాశాలకూ అనాటమీ టేబుల్ మీద దేహాలు కావాలి. కాళోజీ చేసిన పని చేయదలచినవారు బతికుండగానే ఇంట్లోవాళ్లకు చెప్పి, వాళ్ల సమ్మతితో కాగితం రాసి, వైద్య కళాశాల అనాటమీ విభాగంలో ఇవ్వాలి. దిల్‌సుఖ్‌నగర్ వాళ్లకు దగ్గర్లోని ప్రభుత్వ కళాశాల ఉస్మానియా మెడికల్ కాలేజీ. ఆ ఐదో స్టేషన్‌లో దిగడానికి ర్యాంకు అడగరు.